బోర్డు చుట్టూ ఒక రోజు

పొద్దున్న అనువాదానికి కూర్చుంటే మొదటి పేజీలోనే ‘బోర్డు’ మూడు వేషాల్లో ఎదురైంది. ఒకచోట బోర్డు సమావేశమై తీర్మానం చేసింది. ఆ కింద కొత్తగా చేరినవాళ్ల ‘ఆన్‌బోర్డింగ్’ ఎలా జరగాలో రాశారు. ఇంకో పేరాలో ‘అక్రాస్ ది బోర్డ్’ ఖర్చులు తగ్గించాలన్నారు. ఇంగ్లీషులో రాసిన మనిషి వీటి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగి ఉండడు. తెలుగు చేసేవాళ్లకే ప్రతిచోటా ఆగి, ఇది ఏ బోర్డు అని అడగాల్సి వస్తుంది. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనది కూడా అదే.

మొదటిదాన్ని బోర్డు అనే ఉంచేశాను. పాలకమండలి అనొచ్చు గానీ, కంపెనీ సంగతి కాబట్టి డైరెక్టర్ల బోర్డు అంటేనే చప్పున తెలుస్తుంది. రెండోదాన్ని ‘చేరిన కొత్తలో ఇచ్చే పరిచయం, శిక్షణ’ అని విడమర్చి రాశాను. మూడోది కాస్త సతాయించింది. ‘అక్రాస్ ది బోర్డ్’ అమెరికా గుర్రప్పందేల మాట. ఒకే గుర్రం మీద, అది గెలుస్తుందని కొంత, మొదటి రెండు స్థానాల్లో ఉంటుందని కొంత, మొదటి మూడింట్లో ఉంటుందని కొంత, అన్నీ సమానంగా డబ్బు కాయడం. పందెం వివరాలు రాసే బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా అన్నమాట. అక్కణ్ణుంచే ‘దేన్నీ వదలకుండా’ అనే అర్థం వచ్చింది. ‘ఏ విభాగాన్నీ మినహాయించకుండా’ అని రాస్తే వాక్యం సాఫీగా కుదిరింది. గుర్రమూ పోయింది, పందెమూ పోయింది. అనువాదంలో ఇలాంటివి రాలిపోతుంటే నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

పని అలా ఉంచి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తీసి కూర్చున్నాను. పాత ఇంగ్లీషులో ‘బోర్డ్’ అంటే ముందుగా కోసిన చెక్క, పలక. మధ్యయుగాల్లో పెద్ద ఇళ్లలో భోజనాల బల్ల ఇప్పటిలా ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. వేళకి కాళ్ల స్టాండ్లు తెచ్చి, వాటి మీద పొడుగాటి పలకలు పరిచేవారు. తినడం అయ్యాక అన్నీ తీసి గోడవారకు చేర్చేవారు. అలా పలక అన్న మాటే బల్ల అయింది. బల్ల మీద పెట్టే తిండి కూడా ‘బోర్డ్’ అయింది. ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’లో ఉన్నది ఆ తిండే: భోజనం, వసతి. అదే బల్ల చుట్టూ తినడానికి కాకుండా మంతనాలకి కూర్చుంటే, ఆ కూర్చున్నవాళ్లంతా కలిపి బోర్డు. ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల మీద కన్నేసి ఉంచడానికి 1784లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన సంస్థ పేరు ‘బోర్డ్ ఆఫ్ కంట్రోల్’. ఒక ఉపఖండం నడక మీద పెత్తనం చేసిన సంస్థ, పేరు మాత్రం బల్ల.

అధికారానికి సామాన్ల పేర్లు పెట్టడం ఇంగ్లీషు ఒక్కదానికే అలవాటు కాదు. బ్యూరో అంటే ఇప్పుడు మనకు నిఘా సంస్థలు గుర్తొస్తాయి. ఫ్రెంచిలో అది మొదట ఒక ముతక ఉన్ని గుడ్డ పేరు. ఆ గుడ్డ పరిచిన రాతబల్లకు ఆ పేరొచ్చింది, తర్వాత ఆ బల్ల ఉన్న గదికి, చివరికి ఆ గదిలో పనిచేసే వ్యవస్థకు. బ్యాంకు వెనక ఇటలీలో డబ్బు మార్చేవాళ్ల బల్ల ఉంది. మన గద్దె, పీఠం మాత్రం ఏం తక్కువ? గద్దె దిగాడంటే ఎవరూ కుర్చీ కోసం వెతకరు.

ఇంకొన్ని త్వరగా రాసిపెట్టుకుంటాను, మళ్లీ మర్చిపోతాను. ‘అబవ్ బోర్డ్’ అంటే దాపరికం లేనిది. పేకాటలో చేతులు బల్ల పైన కనిపిస్తుంటే మోసం లేనట్టు. లంచం తినేవాడు బల్ల కింద చెయ్యి పెట్టాడని మనమూ అంటాం, అదే బల్ల రెండో వైపు. ‘కప్‌బోర్డ్’ మొదట్లో బీరువా కాదు, కప్పులూ గిన్నెలూ పేర్చిపెట్టే బల్ల. ‘డ్యాష్‌బోర్డ్’ గుర్రపు బళ్లది. గుర్రాల గిట్టలు ఎగజిమ్మే బురద బండి తోలేవాడి మీద పడకుండా ముందు అడ్డంగా కట్టిన చెక్క. తర్వాత కార్లో మీటర్లుండే పలకకు ఆ పేరు వచ్చింది, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద లెక్కల బొమ్మలు చూపించే పేజీకీ అదే పేరు. ‘బ్రెడ్‌బోర్డ్’ అయితే మరీ ముచ్చట. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ పిల్లలు వాడేది చిల్లుల ప్లాస్టిక్ దిమ్మ. తొలినాళ్లలో రేడియోలు సొంతంగా చేసుకునేవాళ్లు వంటింట్లో రొట్టె కోసే చెక్క తెచ్చి, దాని మీదే భాగాలన్నీ మేకులతో బిగించేవారు. చెక్క ఎప్పుడో పోయింది, రొట్టె సంగతి ఎవరికీ గుర్తులేదు, పేరు మాత్రం లేబొరేటరీలో కూర్చుంది. మదర్‌బోర్డులోనూ చెక్క లేదు, ఉన్నది ఫైబర్‌గ్లాసూ ఎపాక్సీ జిగురూ.

సాయంత్రం అక్క కూతురు ఇంగ్లీషు హోంవర్క్ తెచ్చుకుంది. తొమ్మిదో తరగతి. ఒక కాగితం మీద ఎడమవైపు వాక్యాలు, కుడివైపు అర్థాలు, జతపరచమని. అప్పటికే పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి పడి, చెరిపి, మళ్లీ గీసి, కాగితం మధ్యలో నల్లటి మరక అయిపోయింది. పొద్దుటి నుంచి నేను దేంతో ఉన్నానో దానికి తెలీదు, కానీ సరిగ్గా అదే అడిగింది.

“పిన్నీ, బోర్డింగ్ పాస్‌లో బోర్డింగూ బోర్డింగ్ స్కూల్లో బోర్డింగూ ఒకటేనా?”

“చెక్క ఒకటే, దారులు వేరు,” అన్నాను.

“అలా కాదు, సరిగ్గా చెప్పు. రేపు టెస్ట్ ఉంది, నాకసలే టెన్షన్‌గా ఉంది.”

స్కూలు సంగతి తేలిగ్గానే తెమిలింది. తిండీ వసతీ అక్కడే కాబట్టి బోర్డింగ్ స్కూలు, అది భోజనాల బల్ల దారి. పాస్ సంగతికి పడవ కావాల్సొచ్చింది. కాగితం తిరగేసి ఒక పాతకాలపు పడవ గీశాను. పడవ పక్కగోడ చెక్కలతో కట్టేది, దాన్నీ ‘బోర్డ్’ అనేవారు. నిజానికి చెక్క అనే మాటా అంచు అనే మాటా పాతకాలంలో విడివిడిగా ఉండి, చాలా ముందే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయంటారు పండితులు. సరిహద్దుకు ‘బోర్డర్’ అన్న మాట ఆ అంచు వైపు నుంచే వచ్చింది. ఆ అంచు దాటి లోపల అడుగు పెడితే ‘ఆన్ బోర్డ్’. అంచు దాటి నీళ్లలో పడితే ‘ఓవర్‌బోర్డ్’. పడవ తర్వాత రైలొచ్చింది, బస్సొచ్చింది, విమానమొచ్చింది. వేటికీ చెక్క అంచు లేదు, అయినా ఎక్కడం మాత్రం బోర్డింగే. చివరికి ఉద్యోగంలో చేరడమూ ఆన్‌బోర్డింగ్ అయింది.

అది పడవ బొమ్మనే చూస్తోంది. వెనకవైపు కుడిపక్కన ఒక పొడుగాటి తెడ్డు గీసి, ఇది చుక్కాని అన్నాను. ఉత్తర ఐరోపా పాత పడవల్లో చుక్కాని మధ్యలో ఉండేది కాదు, కుడిపక్కకు కట్టేవారు. ఎక్కువ మందికి కుడిచేతి వాటం కదా. అందుకే కుడిపక్క ‘స్టీర్’ చేసే బోర్డు అయింది, అదే నలిగి నలిగి ‘స్టార్‌బోర్డ్’ అయింది.

“అయితే నక్షత్రాలు చూసి పోయేవాళ్లు కాబట్టి స్టార్ కాదా?” అంది. గొంతులో కాస్త నిరాశ.

కాదు. కానీ ఉన్న కథ అంతకంటే బాగుంటుందని నా నమ్మకం. చుక్కాని కుడివైపున ఉంటే రేవులో పడవని ఆ పక్కన ఆనించలేరు, తెడ్డు విరుగుతుంది. ఎడమపక్కనే ఆనించాలి. ఆ ఎడమపక్కకు ఇంగ్లీషులో ‘లార్‌బోర్డ్’ అని పేరు. తుపానులో గాలి హోరులో ‘స్టార్‌బోర్డ్’, ‘లార్‌బోర్డ్’ అని అరిస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఒక అక్షరం చెవిన పడకపోతే ఓడ ప్రమాదంలో పడినట్టే. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం ‘లార్‌బోర్డ్’ మానేసి ‘పోర్ట్’ అనమని ఉత్తర్వు వేసింది, 1846లో అమెరికా నౌకాదళం కూడా. రేవు వైపు ఉండే పక్క కాబట్టి పోర్ట్. ఇప్పటికీ ఓడకు ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం. విమానం రెక్కల చివర్లకూ అవే రంగులు, అదే వరసలో. విమానం ఎక్కేది కూడా మామూలుగా ఎడమ తలుపు నుంచే.

“అంటే విమానం కూడా ఓడేనా?”

“మాటల్లో ఓడే.”

కాగితం తిప్పి, మరకంతా రబ్బరుతో తుడిచేసి, ఈసారి గీతలు తడబడకుండా గీసింది. టెస్టులో దానికెన్ని మార్కులొస్తాయన్నది నాకు ముఖ్యం కాదు. అర్థాలను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి బట్టీ పట్టించే పద్ధతి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. చెట్టును నరికి కొమ్మలు లెక్కపెట్టమన్నట్టు ఉంటుంది అది. ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి మనుషులు ఏ అవసరంతో నడిచారో చెప్తే, పిల్లలకు లెక్కపెట్టే పనే ఉండదు. పాఠం కాస్త పెద్దదవుతుంది, కానివ్వండి.

అది వెళ్లాక మన ‘బల్ల’ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇంగ్లీషుతో ఏ పరిచయం లేకుండానే తెలుగులో బల్ల కూడా దాదాపు అదే దారిలో నడిచింది. బల్ల అంటే చెక్క. నాలుగు కాళ్లు పెడితే కూర్చునే బల్ల, రాసుకునే బల్ల. గోడకు తగిలిస్తే నల్లబల్ల. నీళ్ల మీద వేస్తే ఏరు దాటించే బల్లకట్టు. నేల చదునుగా ఉంటే బల్లపరుపు. గట్టిగా అనాలంటే బల్లగుద్ది చెప్పడం. పలకా, పడవా, చర్చా అన్నీ ఇందులోనూ ఉన్నాయి. చెక్కతో మనుషులకు పడే అవసరాలు ఎక్కడైనా ఒకటే కాబట్టి కాబోలు.

బోర్డుకు తోబుట్టువు లాంటిది ‘టేబుల్’. అదీ లాటిన్లో పలకే. దాని మీద గళ్లు గీసి అంకెలు రాస్తే పట్టిక అనే టేబుల్. ఇది అనువాదకులకు నిజంగా ప్రమాదకరమైన మాట. సభలో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేశారంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టారని, అమెరికాలో పక్కన పెట్టేశారని. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇరుదేశాల సైనికాధికారుల మధ్య సరిగ్గా ఇదే మాట మీద పెద్ద వాదన జరిగిందని చర్చిల్ రాశాడు. ఒక పత్రాన్ని వెంటనే చర్చించాలని బ్రిటిష్‌వాళ్లు టేబుల్ చేద్దామన్నారు. వద్దు, అది ముఖ్యమైనది, టేబుల్ చెయ్యడానికి వీల్లేదని అమెరికావాళ్లు పట్టుబట్టారు. ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చాలా సేపటికి గానీ తేలలేదు. ఎప్పుడైనా ఈ మాట ఎదురైతే, రాసినవాళ్లు ఏ దేశంవాళ్లో చూడకుండా నేను కలం కదపను.

రాత్రి పడుకోబోతూ ఇంకొకటి గుర్తొచ్చింది. ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకని అర్థం ఒకటి బోర్డుకు తెలుగువాళ్లు ఇచ్చారు: ‘బోర్డు తిప్పేయడం’. పేపర్లలో వస్తుంది, టీవీలో వస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినపడుతుంది, అర్థం ఎవరూ ఎవరినీ అడగరు. మాట మనది కాకపోయినా నుడికారం పూర్తిగా మనదే. పరాయి మాటలన్నీ భాషను పాడుచేస్తాయనేవాళ్లకు నేను ముందుగా చూపించేది దీన్నే. కొత్తగా తెలుగు నిఘంటువు వేసేవాళ్లు ‘బోర్డు’ను ఇంగ్లీషు మాట కదా అని వదిలెయ్యకూడదు. నోటుపుస్తకంలో నా వంతుగా ఇలా రాసి పెట్టాను: బోర్డు తిప్పేయు, క్రియ, వాడుక, జనం చేత డబ్బు కట్టించుకున్న సంస్థ, బాకీలు తీర్చకుండా, చెప్పాపెట్టకుండా మూసేసి పరారగు.