వేసవికి ముందు చేపల లెక్క

మా ఊరు టెక్కలి దగ్గర. ఊరి చెరువును మత్స్యకార సంఘం పాడుకున్న ఏడాది, నాన్న తెల్లవారక ముందే గట్టు మీదికి వెళ్లేవారు. బొచ్చెలు, శీలావతులు నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తుంటే "నీళ్లలో ఊపిరి చాలడం లేదు" అనేవారు. ఆ మాట నాకు ఇంగ్లండ్ వచ్చాకే అర్థమైంది.

నా భార్య ఇక్కడ నర్సు. ఆమె వెంట వచ్చిన నాకు ఐదెకరాల ట్రౌట్ చేపల చెరువులో పని దొరికింది. డబ్బు కట్టి గాలం వేసుకునేవాళ్ల కోసం నడిపే చెరువు అది. వేసేది రెయిన్‌బో ట్రౌట్. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం. గుడ్లు పెట్టాలంటే దానికి గులకరాళ్ల మీద పారే నీరు కావాలి. నిలవ నీటిలో సంతతి పెరగదు. అందుకే పట్టుకుపోయినవాటికి బదులు మనమే వేయాలి. మా ఊళ్లో మాదిరిగా వానలు పడ్డాక పిల్లల్ని వదిలి, ఎదిగేదాకా కాచుకోవడం ఇక్కడ కుదరదు.

సాయంత్రం, గాలం వేసినవాళ్లు పెట్టెలో రాసి వేసిన చీటీలు తీసి లెక్కపెడతాను: ఎంతమంది వచ్చారు, ఎన్ని పట్టారు. నీటికాకులు తిన్నవి చీటీల్లోకి రావు, వాటికీ కొంత కలుపుకోవాలి. మనిషికి ఇన్ని అన్న సగటు పడిపోగానే చేపలు అయిపోయాయని అనుకోకూడదు. ఎండ ముదిరితే అవి లోతుకు దిగి గాలం ముట్టవు.

మొదటి వేసవిలో ఆ తేడా నేను పోల్చుకోలేకపోయాను. జూన్ చివర ఒక లోడు చేపలు తెప్పించాను. వారం తిరగకుండా నీటి వేడి 21 డిగ్రీలు దాటింది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను నిలుపుకోగలదు, 20 దగ్గర 9 మాత్రమే. చేప అవసరమేమో వేడితో పాటు పెరుగుతుంది. రాత్రంతా నాచు కూడా అదే ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున నీరు బాగా నీరసిస్తుంది. ఐదింటికి వెళ్లేసరికి చేపలన్నీ నీటిలో గాలి కలిపే ఏరేటర్ చుట్టూ మూగి ఉన్నాయి. తేలుతున్న ఒకదాన్ని చేతి వలతో ఎత్తాను. ఒంటి పక్కన గులాబీ చార ఇంకా మెరుస్తోంది. మొప్పలు తెరుచుకునే ఉన్నాయి, కదలిక లేదు. ఆ రోజు 37 చేపలను పూడ్చాను. నాన్న మాట గుర్తొచ్చింది.

ఇప్పుడు కొద్దికొద్దిగా, తరచుగా వేయిస్తాను. నీరు వేడెక్కుతోందంటే కొత్త లోడు వద్దంటాను. పట్టి వదిలేయడం కూడా ఆపిస్తాం. పెనుగులాడి అలసిన చేప ఆ నీటిలో తేరుకోలేదు. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. అయినా సరే.

నిన్న నాన్న ఫోన్ చేశారు. ఈసారి పిల్లల్ని రెట్టింపు వేద్దామని సంఘంలో అంటున్నారట.

"నీళ్లు ఎంతవరకు ఉన్నాయి నాన్నా?"

"రేవులో ఇంకా మూడు మెట్లు తేలే ఉన్నాయి."

"అయితే వద్దని చెప్పండి."

"చెప్పాను బాబూ. నువ్వు కూడా చెబితే వింటారేమో."

రేపు రాత్రి ఏడింటికి సంఘం కూర్చుంటుంది. ఇక్కడ అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. చీటీల పుస్తకం పక్కన పెట్టుకుని ఫోన్ చేస్తానన్నాను.