ఊపిరి తీసుకోమంటే బిగబట్టాను

బైపాస్ అయి ఆరు నెలలైనా వెల్లకిలా పడుకుంటే ఆయాసం. ఎక్స్‌రేలో ఎడమవైపు డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి ఆడించే కండరం, బాగా పైకి జరిగి ఉంది. ఆపరేషన్‌లో దాని నరం దెబ్బతిని ఉండొచ్చు, కదులుతోందో లేదో చూద్దామని డాక్టర్‌గారు డైనమిక్ ఎంఆర్‌ఐ రాశారు.

బిల్లు, కాగితాలు అరగంటలో అయిపోయాయి. రొమ్ము ఎముకకు వేసిన తీగలతో ఇబ్బంది లేదన్నారు గానీ మొలతాడుకున్న తాయెత్తు తీయించారు.

పొట్టమీద బెల్టు కట్టి, చేతిలో రబ్బరు బుడ్డ పెట్టి, "కదలొద్దు, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టండి" అన్నాడు టెక్నీషియన్ కుర్రాడు. పదిహేనేసి సెకన్లు నాలుగుసార్లు బిగబట్టాను. తర్వాత మైకులో ఏదో అన్నాడు. ఆ డబడబల్లో "ఊపిరి" ఒక్కటే వినిపించింది. మళ్లీ బిగబట్టాను.

"సార్, డయాఫ్రమ్ కదలట్లేదు!"

నా పని అయిపోయిందనుకున్నాను. చెమటలు పట్టి బుడ్డ నొక్కేశాను. బల్ల బయటికి లాగి, "ఊపిరి తీసుకోమంటే బిగబడతారేంటండీ, చదువుకున్నవాళ్లేగా?" అన్నాడు, తలుపు దగ్గర మా అల్లుడు వింటుండగా. ముప్పయ్యేళ్లు లెక్కల మాస్టారుగా చేశాను, ఎక్కాలు రాని పిల్లాణ్ని కూడా అలా అనలేదు. సరే, ఒకరిద్దర్ని అన్నానేమో.

అక్కడున్న పెద్దావిడ వచ్చి విడమరిచి చెప్పింది. మొదటివి ఫోటోల్లాంటివట, ఊపిరికి పొట్ట కదిలితే చెదిరిపోతాయి. తర్వాతది సినిమా. సెకనుకు మూడు నాలుగు బొమ్మలు తీసి వరసగా తిప్పుతారు కాబట్టి ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఆఖర్న జలుబు చేసినప్పటిలా ముక్కుతో చటుక్కున ఎగబీల్చాలి. అప్పుడు బాగున్న వైపు కిందికి దిగుతుంది, చచ్చుబడినది పైకి పోతుంది.

ఈ నాలుగు ముక్కలు ముందే చెబితే వాడి సొమ్మేం పోయింది? మీరెవరైనా వెళ్తే, ఎప్పుడు బిగబట్టాలో ఎప్పుడు వదలాలో బయట కుర్చీలోనే ఒకసారి చేసి చూపించి మరీ లోపలికెళ్లండి. బెల్టు బిగుతుగా ఉంటే అప్పుడే చెప్పండి, నేను మొహమాటపడ్డాను.

నిన్న డాక్టర్‌గారు ఆ సినిమా వేసి చూపించారు. కుడివైపు అలలా దిగి లేస్తోంది. ఎడమది బద్ధకంగా కాస్తే దిగుతోంది, ఎగబీల్చినప్పుడు కూడా కిందికే. నరం పూర్తిగా పోలేదు, ఊపిరి వ్యాయామాలు మొదలుపెడదామన్నారు. మూడుసార్లు వేయించుకుని చూశాను.

తాయెత్తు మాత్రం ఆ స్కాన్ సెంటర్ లాకర్లోనే ఉండిపోయింది. మా ఆవిడకింకా తెలీదు.