మొదటిసారి వేళాంగణి: ఏది ముందు, ఏది తర్వాత

తమిళనాడులో నాగపట్నం దగ్గర ఆరోగ్యమాత (మరియమ్మ) గుడి ఉన్న వేళాంగణికి మొదటిసారి వెళ్లేవాళ్లకు పండుగ రోజులు వద్దనే చెబుతాను. ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎగిరింది మొదలు సెప్టెంబరు 8, మరియమ్మ జన్మదినోత్సవం దాకా ఊరు ఊరంతా జనమే. కాషాయ బట్టల్లో కాలినడకన వచ్చే గుంపులనూ, 7వ తేదీ రాత్రి పెద్ద తేరునూ చూసి తీరాల్సిందే, కానీ ఆ తోపులాటలో ఆరోగ్యమాత ముందు నిమ్మళంగా నిలబడి మొక్కు చెప్పుకోవడం కుదరదు. అందుకే మేం వారం మధ్యలో, మామూలు రోజుల్లో వెళ్లాం. శని, ఆదివారాలు కూడా రద్దీగానే ఉంటాయి.

విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌లో ఆగుతాయి. నాగపట్నం మీదుగా కారైకాల్ వెళ్లే రైలుకు ఎగ్మూరు స్టేషన్‌కు మారాలి. దూరం కొద్దే అయినా మన రైలు ఆలస్యమయ్యే అవకాశం ఉంది కాబట్టి రెంటికీ మధ్య మూడు నాలుగు గంటలు వదలండి. నాగపట్నం నుంచి వేళాంగణి దాదాపు 12 కిలోమీటర్లు. బస్సులున్నాయి, ఆటోలున్నాయి.

దిగగానే అందరూ కొవ్వొత్తుల దుకాణాల వైపు నడుస్తారు. దాన్ని చివరికి పెట్టుకోండి. ముందు పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదరు) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, తర్వాత పూజ (మాస్). పాపసంకీర్తనం చేయకుండా పూజకు వెళ్లి, అందులో అప్పం రూపంలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం వేళకు తటపటాయించేవాళ్లు చాలామంది. తెలుగు పూజ ఏ వేళకో, తెలుగు వచ్చిన గురువు ఎప్పుడు దొరుకుతారో వెళ్లిన రోజే ఆఫీసులో కనుక్కోవాలి. దివ్యసత్ప్రసాదానికి గంట ముందు నుంచి మంచినీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. కతోలికులు కానివాళ్లు మీతో ఉంటే, వాళ్లు ఆ సమయంలో వరుసలోకి రాకుండా కూర్చున్నచోటే ప్రార్థించుకోవాలని ముందే చెప్పి ఉంచండి.

ఈ గుడికి 1962లో ఇరవై మూడవ జాన్ పోపుగారు బసిలికా హోదా, అంటే ప్రత్యేక గౌరవమున్న గుడి హోదా ఇచ్చారు. పీఠం మీద మాతకు చీర కట్టి ఉంటుంది. మన ఇంటి అమ్మలా కనిపించే ఆ రూపం ముందు ఏ భాష అవసరమూ అనిపించలేదు నాకు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది మోకాళ్ల నడక. బసిలికాకూ మాతా కుళం అనే కొలనుకూ మధ్య ఇసుక బాట ఉంది. ఒక పక్క యేసు శ్రమలను చూపే సిలువ మార్గం 14 స్థలాలు, ఇంకో పక్క జపమాల దేవరహస్యాలు, అంటే జపమాల చెప్పేటప్పుడు ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు. ఇసుకే కదా, మెత్తగా ఉంటుందనుకుంటాం. కానీ మోకాలు పెట్టిన చోటల్లా ఇసుక వెనక్కి జారుతుంది, ప్రతి అడుగుకూ బట్ట చర్మాన్ని రాస్తుంది, సగం దూరం పోయేసరికి తోలు లేస్తుంది. మందపాటి నూలు ప్యాంటు మేలు. చీరైతే కుచ్చెళ్లు మోకాలి కిందికి పోయి ముందుకు లాగేస్తాయి. పొద్దెక్కితే ఇసుక కాలుతుంది కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టాలి. పక్కన నడిచేవాళ్లొకరు నీళ్లసీసాతో ఉండాలి. షుగరున్నవాళ్లు మాత్రం నడిచే వెళ్లండి. వాళ్లకు స్పర్శ తగ్గి ఉంటే దెబ్బ తెలియదు, పుండు పడితే త్వరగా మానదు. నడిచినా మొక్కు మొక్కే.

జపమాలను ఈ నడకతో కలుపుకుంటే శరీరానికీ సాయం. కొంత దూరం జరగడం, ఆగి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం చెప్పుకోవడం, మళ్లీ కదలడం. జపమాలలో ఇలాంటి భాగాలు ఐదు కాబట్టి ఐదుసార్లు మోకాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. మంగళ, శుక్రవారాల్లో దుఃఖ దేవరహస్యాలు, గురువారం వెలుగు దేవరహస్యాలు అని ముందే చూసి పెట్టుకుంటే మధ్యలో తడుముకోనక్కర్లేదు.

పాలు తీసుకెళ్తూ కొలను గట్టున నిద్రపోయిన పిల్లవాణ్ణి మాత లేపి, తన బిడ్డకు పాలడిగిందనీ, ఆ తర్వాత కుండ మళ్లీ నిండిందనీ ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. కొలను నీళ్లు ఇంటికి తీసుకెళ్లాలంటే మూత గట్టిగా పట్టే సీసా వెంట తెచ్చుకోండి, మూత వదులైతే రైల్లో సంచంతా తడుస్తుంది.

కొవ్వొత్తులు, కొబ్బరి మొక్క, నయం కావాలని మొక్కుకున్న అవయవాల రేకు బొమ్మలు, తలనీలాలు ఇక అప్పుడు. ఏది మొక్కుకున్నారో అదే ఇవ్వండి. దుకాణాలవాళ్లు అంటగట్టేవన్నీ కొనక్కర్లేదు. గుండు చేయించుకున్నాక సముద్రానికి వెళ్తే మోకాలి లోతు దాటకండి, అక్కడ అలలు వెనక్కి లాగుతాయి.

పండుగకే వెళ్లాలని పట్టుదలైతే తిరుగు టికెట్ 9కి గానీ ఆ తర్వాతికి గానీ తీసుకోండి. 8న సాయంత్రం జెండా దించగానే నాగపట్నం బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు.