అక్క గొంతు, బావ గొంతు

మాది ఒడిశాలోని రాయగడ. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు మింగాను. బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం, ఎవరేం చెబితే అది తిన్నాను. అయినా మెట్లెక్కితే ఆయాసం, పళ్లు తోముకుంటే రక్తం, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. చివరికి విశాఖలో తుంటి ఎముక నుంచి మూలుగ తీసి చూశారు. ఎప్లాస్టిక్ అనీమియా. రక్తం తయారయ్యే చోటే ఖాళీ అయిపోయి కొవ్వు నిండిందట. కుమ్మరే లేనప్పుడు మట్టి ఎంత పోస్తే ఏం లాభం! ఆ రోజు హిమోగ్లోబిన్ 5.2, ప్లేట్‌లెట్లు 9 వేలు.

మూలుగ మార్పిడికి తమ్ముడిది నాకు సరిపోలేదు. రోగనిరోధక శక్తిని అణిచే ఏటీజీ ఇంజెక్షన్లంటే లక్షల్లో మాట, మా వల్ల కాలేదు. అదే పని చేసే సైక్లోస్పోరిన్‌తో పాటు డానజోల్ అనే స్టెరాయిడ్ మందు రాశారు. "డానజోల్ మొదటి వరస మందు కాదమ్మా, అందరికీ పనిచేయదు. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి" అని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. స్టెరాయిడ్ అనగానే మా ఆయన ముఖం మాడిపోయింది. ఆయాసానికి వాడే రకం కాదు, మగ హార్మోన్ల జాతిదట. మా ఊళ్లో మందుల షాపాయన చీటీ చూసి "గర్భసంచి సమస్యా?" అన్నాడు. దానికే ఎక్కువగా రాస్తారట.

మొదటి మూడు నెలలూ ఏ మార్పూ లేదు. రక్తానికని, ప్లేట్‌లెట్లకని తెల్లవారుజామున విశాఖ రైలెక్కడమే పని. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవుండవు, మన కోసం దాచి ఉంచరు. తెల్లకణాలు తక్కువని చద్దన్నం మాన్పించారు. మే నెలలో ఇంటిల్లిపాదీ పఖాళ, అదే మా ఒడిశా చద్దన్నం, తింటుంటే నాకు మాత్రం వేడన్నం. జబ్బు కంటే అదే ఎక్కువ ఏడిపించింది, నిజం చెబుతున్నా.

నాలుగో నెలలో ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే పెరిగే అంకె, 168కి పోయింది. నెలనెలా లివర్ పరీక్ష ఎందుకు చేయించమన్నారో అప్పుడర్థమైంది. డోసు సగం చేశారు. ఆపేస్తారేమోనని నా టెన్షన్ నాది. ఐదో నెలలో రక్తం ఎక్కించకుండానే హిమోగ్లోబిన్ 7.8 ఉంది. నమ్మలేక మరో ల్యాబులో చేయించాం. అక్కడా అంతే.

ముఖం మీద మొటిమలు, పైపెదవి మీద నూగు వచ్చాయి. నూగు సంగతి దారంతో చూసుకుంటున్నాను. గొంతు మాత్రం బొంగురుపోయింది. మందు ఆపినా పాత గొంతు తిరిగి రాకపోవచ్చన్నారు.

ఇప్పుడు 9.6, ప్లేట్‌లెట్లు 54 వేలు. మొన్న పార్వతీపురం నుంచి చెల్లి ఫోన్ చేసి, నేను హలో అనగానే "బావగారూ, అక్కకివ్వండి" అంది. "అక్క పఖాళ తింటోంది, తర్వాత చెయ్యి" అని పెట్టేశాను.