సగం మెరిసిన కారు

ఆదివారం రాత్రి. భుజాలు పట్టేశాయి. పాలిష్ మెషీన్ ఆపి చాలాసేపైనా వేళ్లలో ఆ జుమ్మనే వణుకు పోలేదు. ఇంత చేసీ కారు సగమే అయింది.

పొద్దున మొదలుపెట్టినప్పుడు మధ్యాహ్నానికల్లా తేలిపోయే పని అనుకున్నాను. కడగడం, పాలిష్, వ్యాక్స్. అంతేగా!

కడిగి ఆరబెట్టాక, బావ చెప్పినట్టు నీడలో నిలబెట్టి ఫోన్ టార్చి బానెట్ మీదికి పట్టాను. గతుక్కుమన్నాను. నల్ల రంగు మీద వెలుగు పడ్డచోటల్లా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు, వలయాలు వలయాలుగా. ఎండలో కనిపించే ఈ గీతల కోసమే ఇన్నాళ్లూ పక్కన పార్క్ చేసేవాళ్లనీ, రాత్రిపూట ఎక్కి పడుకునే పిల్లినీ తిట్టుకున్నాను. బావకి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"అవి పిల్లి గీతలు కావు బావా, నీ గీతలే. దేంతో తుడుస్తున్నావు?"

పాత బనియన్‌తో. ప్రతి ఆదివారం, ఎంతో శ్రద్ధగా. ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ. ముంచడం, రుద్దడం, అదే నీళ్లలో పిండడం. దుమ్ములోని ఇసుకంతా ఆ బకెట్లోనే తిరుగుతుంటే, దాన్నే తీసి మళ్లీ కారుకి పట్టించానన్నమాట. కారుని పట్టించుకోకుండా వదిలేసినవాళ్ల పెయింటు నాదానికంటే బాగుండి ఉంటుంది. గుండ్రంగా తిప్పి తుడవడం వల్ల వచ్చాయా అని అడిగాను. కాదట. గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి, వెలుగుకి అడ్డంగా పడ్డవే మెరిసి వలయంలా కనిపిస్తాయి. నిలువుగా తుడిచినా ఆ గుడ్డతో, ఆ నీళ్లతో ఇదే జరిగేది.

ఇవాళ రెండు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో మంచి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌తో ఒక డోరు తుడవగానే మంచి నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. చివర్లో జాడించిన బకెట్టు అడుగున పేరుకున్న మట్టి చూస్తే సిగ్గేసింది.

తర్వాత క్లే బార్. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, కడిగిన డోరు మీద నిమిరితే ఉప్పుకాగితంలా తగిలింది. ఉత్త చేతికి నున్నగానే ఉంది మరి! మట్టిముద్దలాంటి ఆ క్లేని షాంపూ నీళ్ల మీద నొక్కకుండా జార్చుతూ పోతే ఆ గరుకంతా దానికి అంటుకుని వచ్చేసింది. మధ్యలో ఒకసారి ముద్ద చేతిలోంచి జారి కింద పడింది. కడిగేస్తే సరిపోదా అని ఆశపడ్డాను కానీ, ఇసుక అంటిన క్లేకీ నా బనియన్‌కీ తేడా ఏముంది? పారేశాను. ముందే సగం తుంచి దాచుకోవడం మంచిదయింది.

ఇక మెషీన్. దీని దగ్గరే నాకు టెన్షన్. పోయినేడాది డ్రిల్లింగ్ మెషీన్‌కి స్పాంజి ప్యాడ్ బిగించి, గీతల్ని అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ పూసి డిక్కీ మీద ప్రయోగం చేశాను. అంచు దగ్గర వెలిసిపోయిన ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పెయింటు మీద ఉండే క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లే, వెంట్రుక కంటే సన్నం. అంచుల్లో ఇంకా పల్చన. డ్రిల్లు ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది కాబట్టి వేడంతా ఒక్కచోటే చేరుతుంది. బావ ఇచ్చింది డ్యూయల్ యాక్షన్ పాలిషర్. తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, అందుకే ఒకచోట కాల్చేయదు. గట్టిగా నొక్కితే తిరగడం మానేసి ఉత్తినే వణుకుతుంది. అది తెలియడానికి ప్యాడ్ వెనకుండే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసి ఇచ్చాడు. గీత తిరుగుతుంటే ప్యాడ్ పని చేస్తున్నట్టు. ఇంత చిన్న గీత నా అహంకారాన్ని ఎన్నిసార్లు అణిచిందో! ప్రతి రెండు నిమిషాలకీ నొక్కేస్తున్నాను, అది ఆగిపోతోంది.

ఇన్ని గీతలకి గట్టి ప్యాడ్, ముతక కాంపౌండ్ కావాలనుకున్నాను. "ముందు మెత్తటిది ఒకచోట వేసి చూడు, చాలకపోతేనే గట్టిది" అన్నాడు బావ. అంచులకీ నల్ల ప్లాస్టిక్‌కీ టేపు అంటించి, కుడి ముందు డోరు మీద రెండడుగుల చదరంలో నాలుగు చుక్కల పాలిష్ వేశాను. అడ్డంగా, నిలువుగా, నత్తనడకన. తుడిచి టార్చి పట్టాను. సాలెగూడు దాదాపు మాయం! ఇంటి కిటికీ ఊచలు ఆ ఒక్క చదరంలో అద్దంలోలా తిన్నగా కనిపిస్తున్నాయి, పక్కనంతా మసక. హ్యాండిల్ కింద ఒక గీత మాత్రం అలాగే ఉంది. గోటికి తగులుతోంది. దాన్ని పోగొట్టాలంటే పెయింటు ఎంత పోతుందో తలుచుకుని వదిలేశాను.

పాలిష్, వ్యాక్స్ ఒకటేనని ఇన్నాళ్లూ నా నమ్మకం. వ్యాక్స్ పూసిన రోజు గీతలు కనిపించవు, కొన్ని వారాలకి మళ్లీ తేలతాయి, నేను డబ్బా మార్చేవాణ్ని. పాలిష్ పైపొరని సన్నగా అరగదీస్తుంది. వ్యాక్స్ దాని మీద పల్చగా కప్పుతుంది. కార్నూబా వ్యాక్స్ బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. మందంగా పూస్తే ఒరిగేదేమీ లేదు, తుడవలేక చేతులు నొప్పి పుట్టడం తప్ప. టేపు ఊడినచోట నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగా అంటుకుంది. పాత టూత్‌బ్రష్‌తో అరగంట.

కుడి వైపూ, బానెట్‌లో సగమూ అయ్యేసరికి చీకటి పడింది. ప్యాడ్‌లు కడిగి ఆరేశాను. మైక్రోఫైబర్ గుడ్డల్ని విడిగా ఉతకాలి, సాఫ్ట్‌నర్ తగలకూడదు. బనియన్ ఇంట్లో గచ్చు తుడవడానికి వెళ్లిపోయింది.

రేపు ఆఫీసులో ఎడమ వైపు గోడకి వచ్చేలా పార్క్ చెయ్యాలి.