1.4 కాస్తా 6 అయిందని ఏడ్చినంత పని చేశాను

నీరసంతో మొదలైంది ఇదంతా. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మూతలు పడిపోవడం. డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు, రిపోర్టేమో రాత్రి పదకొండింటికి ఫోన్‌కి వచ్చింది, ఆ వేళప్పుడు అలాంటివి తెరవకూడదని ఎవరూ చెప్పలేదు నాకు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ లాంటిదేదైనా ఉందేమో సూచించే పరీక్షలు రెండున్నాయి అందులో. ఈఎస్‌ఆర్ 48, పక్కన ఎర్ర బాణం. సీఆర్‌పీ 1.4, దానికీ బాణం. నెట్‌లో వెతికితే అరగంటలో కీళ్ళవాతం నుంచి క్యాన్సర్ దాకా అన్నీ నాకే ఉన్నాయని తేలింది.

మర్నాడు డాక్టరుగారు ఆ బాణాలను చూసి, "ఈమధ్య జ్వరం ఏమైనా వచ్చిందా? పంటినొప్పి? యూరిన్‌లో మంట?" అని వరసగా అడుగుతూ పోయారు. చివరి దవడ పన్ను దగ్గర చిగురు వాచి, వారంగా ఒకవైపే నములుతున్నానని అప్పుడు గుర్తొచ్చింది. పంటికీ ఈ అంకెలకీ సంబంధం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షనో దెబ్బో ఉంటే అక్కడి కణాలు ఐఎల్-6 అనే కబురు పంపుతాయి, అది అందుకుని కాలేయం సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. 1930లో నిమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి గుర్తించారట. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, సుమారు రెండు రోజులకు పతాకస్థాయికి చేరుతుంది, కారణం పోయిందంటే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగిపోతుంది. ఇంటి కుక్క మొరిగితే వాకిట్లో ఎవరో ఉన్నారని తెలుస్తుంది గానీ దొంగో చుట్టమో తెలియదు కదా, ఇదీ అంతే. మరీ గట్టిగా మొరిగితే, అంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ లాంటి గట్టి కారణం కోసమే ముందు వెతుకుతారు. కాస్త పెరగడానికైతే పొగతాగడం, ఒళ్ళు పెరగడం కూడా చాలు.

ఈఎస్‌ఆర్ సంగతి వేరు, అసలు అది ఒక పదార్థమే కాదు. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, సన్నటి గొట్టంలో నిలబెట్టి గంట ఆగుతారు. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి, పైన లేత పసుపు నీరు తేలుతుంది, ఆ నీరు ఎన్ని మిల్లీమీటర్లుందో అదే ఈఎస్‌ఆర్! ఒంట్లో ఇన్‌ఫెక్షన్ లాంటిది ఉన్నప్పుడు రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ పెరిగి ఎర్రకణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటుకుంటాయి, బరువెక్కి త్వరగా దిగుతాయి. జబ్బు తగ్గినా ఇది వారాల తరబడి తగ్గదు, చుట్టం వెళ్ళిపోయాక కూడా మొరుగుతూనే ఉండే కుక్కన్నమాట. వయసుతోనూ పెరుగుతుంది. ఆడవాళ్ళకైతే వయసుకు పది కలిపి సగం చేయమని ఒక మోటు లెక్క ఉంది, మగవాళ్ళకు వయసులో సగం. నాకు 44, అంటే 27 దాకా పర్వాలేదు.

పన్ను పీకించుకున్నాను. మూడు వారాలకు వేరే ల్యాబులో మళ్ళీ చేయించాను. సీఆర్‌పీ 6! 1.4 నుంచి 6కా? పన్ను పీకించుకున్నాక నాలుగింతలు పెరగడమేంటని ఆ రోజంతా అన్నం సహించలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు కనబడింది, మొదటిది డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది లీటరుకు మిల్లీగ్రాముల్లో. అంటే పాతది 14, కొత్తది 6. తగ్గింది! చీమతలకాయంత అక్షరాల్లో యూనిట్లు వేసేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

ఈఎస్‌ఆర్ మాత్రం 41 దగ్గరే ఆగింది. అది మెల్లగా దిగేదే అయినా, డాక్టరుగారు పైన హిమోగ్లోబిన్ వరస మీద వేలు పెట్టారు, 10.4. మొదటి రిపోర్టులోనూ తక్కువే ఉంది, నేను ఎర్ర బాణం పైకి ఉన్నవాటినే చూశాను, కిందికి ఉన్నదాన్ని పట్టించుకోలేదు. రక్తహీనత ఒక్కటి చాలట ఈఎస్‌ఆర్ పెరగడానికి. గర్భంతో ఉన్నప్పుడూ అంతే. నెలసరి ఎక్కువగా అవుతోందా అని అడిగారు, అవుతోంది, ఏడాదిగా.

మరి ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష మొదట్లోనే ఎందుకు రాయలేదంటే, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ కూడా పెరుగుతుందట, ఐరన్ అడుగంటినా రిపోర్టు మాత్రం నార్మల్ అని చెప్పే ప్రమాదం ఉంది. చిగురు తగ్గేదాకా అందుకే ఆగారు. (ఇదంతా నా కథ. యాభై దాటినవాళ్ళకు ఈఎస్‌ఆర్ పెరిగి, కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం లాంటివి ఉంటే అదే రోజు వెళ్ళాలి, చూపు పోయే జబ్బు కావచ్చు. విడవని జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా నాలాగా నెట్‌లో వెతుకుతూ కూర్చోవద్దు.)

సీఆర్‌పీ 3కి దిగాక ఫెరిటిన్ చేయించాను. 9 వచ్చింది, అంటే ఐరన్ అడుగంటినట్టే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి ఆరు వారాలైంది, స్త్రీల డాక్టరు దగ్గర స్కానింగ్ ఇంకా ఉంది. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నాను.