ఆసు ఆగనంటోంది
అమలాపురంలో ముసురు. బయటికెళ్లే పని లేక పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో విండోస్ 3.1 ఎక్కించి సాలిటైర్ పేకాట తెరిచా. మౌస్ ఇలా తాకితే చాలు, బాణం తెర అంచుకి పరుగే! కళావరు ఆసు లాగితే పక్క వరసలోకి పోతోంది.

పోదా మరి! ఆ తెర 640×480 చుక్కలే. నా మౌస్ 1600 డీపీఐ రకం, అంటే అంగుళం జరిపితే 1600 చుక్కల లెక్క. పైగా లోపలున్న విండోస్ తన వేగమూ కలుపుతుంది. డాస్‌బాక్స్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో మౌస్ సెన్సిటివిటీ 100 ఉంటే 40కి దించి, మళ్లీ స్టార్ట్ చేశా. లోపలి విండోస్ కంట్రోల్ ప్యానెల్లో ట్రాకింగ్ స్పీడ్ కూడా కాస్త తగ్గించాక ఆసు పెట్టినచోటే కూర్చుంది. (మౌస్ డాస్‌బాక్స్ కిటికీలోంచి బయటికి రావాలంటే కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కాలండోయ్.)

"పేకాటకి ఇన్ని తిప్పలెందుకురా, సంక్రాంతికి తోటలో ఆడుకోవచ్చుగా?" అంటాడు మా మామయ్య. ఆయ్ అనేసి ఇంకో ఆట పంచుకున్నా.